ఫిబ్రవరి ముప్ఫై ఒకటి

ఆమెని ఫ్యాక్టరీలో అందరూ కత్తెరమ్మ అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది, గుర్తింపు కార్డు మీద అచ్చేసి కూడా ఉంది. కానీ ఆ పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఆమె తల కూడా తిప్పదు. పదకొండేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే, కుట్టడం అయిపోయిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించడం. వేలెడు కత్తెర కుడి అరచేతిలో ఇరుక్కుని ఉంటుంది, అన్నం తినేటప్పుడు తప్ప దిగదు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, బస్సులో ముందు సీటావిడ భుజం మీద దారం వేలాడుతున్నా చూస్తూ ఊరుకోలేదు. ఒకసారి అలాగే టక్కున తెంపితే, మెళ్ళో గొలుసు పోయిందనుకుని ఆవిడ బస్సు ఆపించి నానా రభసా చేసింది. ఆ సంగతి ఇప్పటికీ ప్యాకింగ్ సెక్షన్లో చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆ చొక్కాలు ఇక్కడ ఎవరూ తొడుక్కునేవి కావు. ఆరు వందల మంది ఆడవాళ్ళు కుట్టి, ఇస్త్రీ చేసి, అట్టపెట్టెల్లో పేర్చి పంపితే, ఓడలెక్కి ఎక్కడో దిగుతాయి. అక్కడి కంపెనీకి ఇలాంటి ఫ్యాక్టరీలు ఇరవై దేశాల్లో ఉన్నాయట. ఇక్కడ రేటు నచ్చకపోతే అక్కడికి, అక్కడా నచ్చకపోతే ఇంకోచోటికి. కొత్తల్లుడి కంటే బిగువెక్కువ వాళ్ళకి. వాళ్ళకి కోపం రాకుండా చూసుకోవడమే మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరి ఉద్యోగం.

కత్తెరమ్మకి ఒక్కతే కూతురు. పేరు పెద్దదే పెట్టుకుంది గానీ అందరూ పిట్ట అంటారు. మొగుడేమో, పిల్లకి ఏడాది నిండకముందే పక్క ఊళ్ళో పని దొరికిందని వెళ్ళి, పనితోపాటు ఇంకో సంసారం కూడా దొరకబుచ్చుకున్నాడు. పోనీలెండి, అలాంటివాడి గురించి మాట్లాడి మన నోరు పాడుచేసుకోవడం ఎందుకు. మిగిలింది పిల్లా, ఉద్యోగమూ. పొద్దున్న ఎనిమిదింటికి గేటు లోపలికి వెళ్తే సాయంత్రం ఆరున్నర దాకా బయటపడే దారి లేదు. ఇంటికొస్తే, ప్యాకింగ్ అమ్మాయిలు ఇద్దరితో కలిసి అద్దెకున్న ఒంటి గది. ఆ అమ్మాయిలూ అదే గంటకి వెళ్ళి అదే గంటకి వచ్చేవాళ్ళు. ఇంక పిల్లని ఎవరు చూస్తారు? ఏడాదిన్నర పిల్లని ఐదు గంటల బస్సు ప్రయాణం అవతల అక్క దగ్గర వదిలి వచ్చింది. నాలుగు నెలలే అక్కా, తర్వాత తెచ్చేసుకుంటాను అంది. ఆ నాలుగు నెలలు సాగి సాగి నాలుగేళ్ళకి దగ్గరపడ్డాయి.

అక్క మంచిదే. బావ కూడా పల్లెత్తు మాట అనడు. పిల్ల ఆరోగ్యంగా ఉంది, అల్లరిగా ఉంది, ఆదివారం పదింటికి ఫోన్లో గలగలా మాట్లాడుతుంది. లోటేమీ లేదు, పిల్ల ఒళ్ళో లేకపోవడం తప్ప. మూడు నెలలకోసారి వెళ్ళేది. వెళ్ళేటప్పుడు గౌను కొనేది, అది ప్రతిసారీ ఒక సైజు చిన్నదయ్యేది. సముద్రం అవతల ఎవరికి ఏ సైజు చొక్కా పడుతుందో కాలరు చూసి చెప్పగలదు మహాతల్లి, సొంత కూతురి భుజాల కొలత మాత్రం తెలియదు. మొదటిసారి అక్క నవ్వింది. రెండోసారి ఇద్దరూ నవ్వలేదు.

అసలు కడుపు మండే సంగతేమిటంటే, ఆ ఫ్యాక్టరీలోనే పిల్లల గది ఒకటి ఉంది. చట్టం ప్రకారం అంతమంది ఆడవాళ్ళు పనిచేసే చోట, ఆరేళ్ళలోపు పిల్లల కోసం ఒక గది, ఒక ఆయా ఉండి తీరాలి. ఉండాలన్నారు కాబట్టి ఉంది. గోడ మీద ఏనుగు, బుడగలు, నవ్వే సూర్యుడు. అలమారాలో బొమ్మలు, వాటి మీద ప్లాస్టిక్ కవరు కూడా ఊడలేదు. చిన్న చిన్న పరుపులు పద్నాలుగు. ఏడాదికి నాలుగు రోజులు, కంపెనీవాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు, అది పిల్లల గది. మిగతా మూడు వందల అరవై చిల్లర రోజులు అట్టపెట్టెల గోడౌను. ఆ నాలుగు రోజులకీ పక్క వీధి నర్సరీ స్కూలు నుంచి పిల్లల్ని అడిగి తెచ్చేవాళ్ళు. తలా ఒక బిస్కెట్ ప్యాకెట్, సాయంత్రానికి వెనక్కి. సర్కారు ఇన్‌స్పెక్టరు కూడా వస్తాడు, ఆఫీసులో టీ తాగుతాడు, బాగుంది అని రాసి వెళ్తాడు. గది ఎటువైపు ఉందో ఆయనకి తెలుసో లేదో మరి.

ఆ నాలుగు రోజులూ ఆయా మన కత్తెరమ్మే. నీలం కోటు వేసి, కత్తెర తీసి పక్కన పెట్టించి, గదిలో కూర్చోబెట్టేవాళ్ళు. ఏడో తరగతి చదివింది, చేతిరాత గుండ్రంగా ఉంటుంది, పిల్లలు ఇట్టే చేరిపోతారు. ఎవరి పిల్లలనో ఒళ్ళో వేసుకుని, ముక్కులు తుడిచి, జోకొట్టి నిద్రపుచ్చేది. సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయాక పరుపులు మడతపెడుతూ, ఈ గది నిజంగా తెరిచి ఉంటే నా పిట్ట ఇక్కడే పడుకునేది కదా అనుకునేది. ఆ మాట నాలుగేళ్ళుగా అనుకుంటూనే ఉంది. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు. అంటే వినేదెవరు?

ఆ ఏడు కథ మారింది. అవతలి దేశంలో ఎవరో ఏదో పేపర్లో రాశారట, తల్లులు ఒకచోట, పిల్లలు ఒకచోట, మన ఒంటి మీద మాత్రం చవక చొక్కాలు అని. దాంతో అక్కడి సర్కారు కొత్త షరతు పెట్టింది. సరుకు సుంకం లేకుండా దిగాలంటే, పిల్లల గది నిజంగా నడుస్తున్నట్టు రుజువు చూపించాలి. వెల్ఫేరు ఆఫీసరు భోజనాల హాల్లో అందర్నీ కూర్చోబెట్టి ఈ సంగతంతా చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు, అలాగని మంచివాడు కావడానికి ఎప్పుడూ తీరిక దొరికినట్టు లేదు. ఈసారి నర్సరీ పిల్లలు పనికిరారట. పిల్ల పుట్టిన పత్రంలో తల్లి పేరు, ఫ్యాక్టరీ రికార్డులో పేరు ఒక్కటే కావాలట. అందుకని ఆరేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళు మూడు రోజుల కోసం వాళ్ళని తెచ్చుకోండి అన్నాడు. రెండు రోజులు రిహార్సలు, మూడోరోజు తనిఖీ. ఇది తప్పితే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే ఆరు వందల పొయ్యిలు ఆరిపోతాయి, మీ ఇష్టం అని కూర్చున్నాడు.

కత్తెరమ్మకి చివరి మాటలేవీ చెవికెక్కలేదు. మూడు రోజులు అన్నదొక్కటే వినిపించింది. ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్ళి, పుట్టిన పత్రంతో సహా పిట్టని వెంటపెట్టుకుని వచ్చింది. ఐదు దాటి ఐదు నెలల పిల్ల. బస్సులో సగం దూరం కిటికీకి అతుక్కుని మాట్లాడలేదు, తర్వాత మాట్లాడ్డం మొదలుపెట్టి దిగేదాకా ఆపలేదు. నువ్వు రోజూ ఏ గ్లాసులో నీళ్ళు తాగుతావు, నీ గదిలో బల్లులు ఉంటాయా, నేను పెద్దయ్యాక కూడా నువ్వు అక్కడే ఉంటావా అని ఒకటే ప్రశ్నలు. ఒక్క కూతురికి ఇన్ని జవాబులు బాకీపడ్డానని కత్తెరమ్మకి అప్పటిదాకా తెలియదు.

సోమవారం పొద్దున్న పిల్లకి నీళ్ళు పోసి, తల దువ్వి, రెండు జడలు వేసింది. ఒకటి పైకి, ఒకటి కిందకి వచ్చాయి. ప్యాకింగ్ అమ్మాయిలు పడీపడీ నవ్వారు. పిట్ట మాత్రం అద్దంలో చూసుకుని బాగానే ఉన్నాయి అంది. ఇద్దరూ చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిచారు. రోజూ ఒంటరిగా, తలొంచుకుని నడిచే దారే అది. ఆరోజు మాత్రం ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ, మా అమ్మాయి, మా అమ్మాయి అని అడక్కుండానే చెప్పింది. టీ కొట్టతనికి రెండుసార్లు చెప్పింది.

గదిలో పద్నాలుగు మంది పిల్లలు. పిట్ట అమ్మా అంటుంటే విని, మధ్యాహ్నానికి మిగతా పదమూడు మందీ అమ్మా అనడం మొదలుపెట్టారు. పిట్టకి ఒళ్ళు మండిపోయింది. ఈవిడ మా అమ్మ, మీ అమ్మలు కింద మిషన్ల దగ్గర ఉన్నారు అని ఒక్కొక్కర్నీ నిలబెట్టి పాఠం చెప్పింది. కత్తెరమ్మ నవ్వు ఆపుకోలేక మొహం గోడ మీది ఏనుగు వైపు తిప్పుకుంది. అంతలోనే ఏడుపొచ్చింది.

ఇంక ఆ హాజరు పుస్తకం సంగతి. గది ఏడాదంతా నడిచినట్టు చూపించాలి కదా, అందుకని ఏడాది హాజరు ఒక్కరోజులో రాయాలి. రెండోరోజు పిల్లలు పడుకున్నాక ఆఫీసరు కొత్త పుస్తకం, మూడు రంగుల పెన్నులు తెచ్చి ఇచ్చాడు. ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ. నెలకొక వరస, పన్నెండు వరసలు, ఒక్కో వరసకి ముప్ఫై ఒక్క గళ్ళు. వస్తే టిక్కు, రాకపోతే అడ్డగీత. ఆదివారాలు వదిలెయ్యి, సెలవులు వదిలెయ్యి, బట్ట రాక ఫ్యాక్టరీ మూసిన తొమ్మిది రోజులు వదిలెయ్యి, మధ్యమధ్యలో జ్వరమని జలుబని అడ్డగీతలు పెట్టు, పెన్ను మారుస్తూ ఉండు అని పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇలాంటి పనుల్లో అతనికి చేయి తిరిగింది.

కత్తెరమ్మ పదమూడు పేజీలు తప్పు పట్టడానికి వీల్లేకుండా రాసింది. కాలర్ల వదిన మనవడికి వానాకాలం వారం రోజులు దగ్గు పెట్టింది. కాలర్ల వదిన అంటే కాలర్ల లైన్లో అందరికంటే పెద్దావిడ. ఆవిడని ఫ్యాక్టరీ మొత్తం వదినా అనే పిలుస్తుంది, ఆ పిల్లాడి తల్లి, ఆవిడ కూతురు, కూడా అక్కడే పని చేస్తుంది. బటన్ల అమ్మాయి కవలల్లో ఒకళ్ళకి జ్వరం వస్తే రెండోరోజు రెండోవాళ్ళకి తెప్పించింది. అంత బాగా రాసింది. చివరగా పిట్ట పేజీ వచ్చింది.

మొదటి టిక్కు పెట్టింది. ఆ రోజు పిట్ట వచ్చింది, బొమ్మలతో ఆడుకుంది, పడుకుంది. రెండో టిక్కు, ఆ రోజూ వచ్చింది. మూడోరోజు అడ్డగీత పెట్టాలనుకుంది, చెయ్యి రాలేదు. రాకపోతే ఎక్కడికెళ్తుంది నా పిల్ల, నా దగ్గరే కదా ఉంది అనుకుంది. ఆదివారం గడి వచ్చింది. ఆదివారం గది ఉండదని ఆమెకి తెలియక కాదు. తెలిసీ టిక్కు పెట్టింది. ఒక నెల నిండింది, ఇంకో నెల నిండింది. పక్కన పిట్ట నోరు తెరుచుకుని పడుకుని ఉంది, ఒక కాలు పరుపు మీద, ఒకటి నేల మీద. దాన్ని చూసుకుంటూ గళ్ళు నింపుకుంటూ పోయింది. పిచ్చిదని మీరు అనుకోవచ్చు. నాకైతే అనబుద్ధి కాదు. ఆ పేజీ మీద ఉన్నంతసేపూ ఆమె ఏడాది పాటు కూతురితో కలిసి బతికింది.

ఆఫీసరు వచ్చి మొదటి నాలుగు పేజీలు తిప్పి, భేష్ అని, పుస్తకం మూసి పట్టుకుపోయాడు.

మూడోరోజు తనిఖీ ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, తెల్ల జుట్టు, మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయి, పిల్లల మధ్య నేల మీద కూర్చోవడానికి గోడ పట్టుకుంది. కూడా ఒక అమ్మాయి, అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడానికి. ఆ అమ్మాయిని కూడా కంపెనీయే పంపింది, ఫ్యాక్టరీ మనిషి కాదు. అందుకే మేనేజరు మొహంలో రంగు లేదు. వర్కర్లతో విడిగా మాట్లాడాలని రూలట, ఆఫీసరుని బయటికి పంపేశారు. అతను తలుపుకున్న అద్దంలోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

తనిఖీ ఆవిడ బొమ్మలు చూసింది, పరుపులు ఒత్తి చూసింది, పాలగ్లాసులు వాసన చూసింది. అన్నిటికీ తలూపింది. తర్వాత హాజరు పుస్తకం తీసుకుని, ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పింది. చివరి పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చూసింది. పుస్తకం కత్తెరమ్మ వైపు తిప్పి, ఒక గడి మీద వేలు పెట్టి ఏదో అడిగింది.

"ఫిబ్రవరి ముప్ఫై ఒకటో తారీఖున కూడా ఈ పాప వచ్చిందా అని అడుగుతున్నారు," అంది ఆ అమ్మాయి.

కత్తెరమ్మ చూసింది. ఫిబ్రవరి వరసలో చివరి గడి దాకా టిక్కులు. ఆదివారాలు, మూసిన తొమ్మిది రోజులు, లోకంలో లేని రోజులు కూడా ఉన్నాయి. తలుపు అద్దంలో ఆఫీసరు ఏమైందన్నట్టు కనుబొమలు ఎగరేస్తున్నాడు.

ఆ అమ్మాయికి జాలేసినట్టుంది. రాసేటప్పుడు పొరపాటు పడ్డావా అమ్మా అని తనే అందించింది. అవునని ఒక్క మాట చాలు. ఆవిడ పొరపాటు అని రాసుకుంటుంది, ఆర్డరు నిలుస్తుంది, ఆరు వందల మందీ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. సాయంత్రానికి గదికి తాళం పడుతుంది, పెట్టెలు లోపలికొస్తాయి, రేపు పిట్ట బస్సెక్కుతుంది. కాదంటే ఏమవుతుందో దేవుడికే ఎరుక. పిట్ట వచ్చి కత్తెరమ్మ కోటు జేబులో చెయ్యి దూర్చి నిలబడింది.

"పొరపాటు కాదమ్మా. నా పిల్ల రాలేదని రాయడానికి చెయ్యి రాలేదు. ఇది ఈ మూడు రోజులే వచ్చింది. ఈ గది ఏడాదికి నాలుగు రోజులే తెరుస్తారు." పిట్ట భుజం పట్టుకుని మళ్ళీ అంది, "ఆర్డరు మాత్రం ఆపొద్దని చెప్పు తల్లీ. అందరం దాని మీదే బతుకుతున్నాం. గది తెరవమని చెప్తే చాలు."

ఆ అమ్మాయి అదంతా చెప్పడానికి చాలాసేపు పట్టింది. తనిఖీ ఆవిడ వింటూ పిట్ట వైపే చూసింది. రెండు కాగితాలు నిండుగా రాసుకుని, గోడ పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు కత్తెరమ్మ సెలవు పెట్టి పిట్టని అక్క దగ్గర దింపింది. గది తెరవగానే వచ్చి తీసుకెళ్తానని మాటిచ్చింది. పిట్ట నమ్మింది. పిల్లలు నమ్ముతారు, అదే వచ్చిన చిక్కు.

ఫ్యాక్టరీలో ఆమెని మాటలతో చంపలేదు, మాట్లాడకుండా చంపారు. భోజనాల హాల్లో ఆమె కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. ఆఫీసరు ఎదురుపడితే తల పక్కకి తిప్పుకునేవాడు. కంపెనీ సగం ఆర్డరు ఆపింది, గది నడిపి చూపిస్తేనే మిగతా సగం అంది. ఓవర్‌టైము పోయింది. కాలర్ల వదిన ఒకరోజు పంపు దగ్గర అందరి ముందూ నిలదీసింది. మా మనవడినీ రోజూ తాళ్ళేసి కట్టినట్టు పక్కింట్లో పడేసి వస్తున్నాం, మేమేమైనా వీధికెక్కామా, నీ ఒక్కదానికే ఉందా కడుపుతీపి అని అడిగింది. ఆవిడ అన్నది నిజమే. అయినా తను అన్న మాట వెనక్కి తీసుకోవాలని కత్తెరమ్మకి ఒక్కరోజు కూడా అనిపించలేదు.

ఉత్తరాలు వెళ్ళాయి, ఉత్తరాలు వచ్చాయి. గది కొలతలు అడిగారు, కొలిచి పంపారు. కిటికీ పెద్దది కావాలన్నారు, గోడ పగలగొట్టారు. ఆయాకి ట్రైనింగ్ కావాలన్నారు, కత్తెరమ్మనే పంపారు. ఎందుకంటే ఆమె పేరే వాళ్ళ కాగితాల్లో ఎక్కింది, ఇంకొకళ్ళని పెడితే బాగుండదని మేనేజరే అన్నాడు. ప్రతి ఆదివారం పదింటికి పిట్ట అడిగేది, గది తెరిచారా అమ్మా అని. ఇంకా లేదే, తెరుస్తారు అని ఈవిడ చెప్పేది. అలా ఎనిమిది నెలలు గడిచాయి. మధ్యలో పిట్టకి ఆరేళ్ళు నిండాయి. కత్తెరమ్మ వెళ్ళి కొత్త గౌను ఇచ్చి వచ్చింది, ఈసారి సైజు సరిపోయింది. రెండు నెలలు అటూ ఇటూ అయితే ఎవరు పట్టించుకుంటారులే అని తనకి తనే చెప్పుకుంది.

గది తెరిచే ముందు శుక్రవారం ఆఫీసరు పిలిచి పిల్లల జాబితా చేతిలో పెట్టాడు. పదకొండు పేర్లు. ఆమె పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చదివింది. మా అమ్మాయి పేరు మర్చిపోయారు సార్ అంది. అతను లేచి తలుపు వేసి వచ్చాడు. ఎనిమిది నెలల తర్వాత అప్పుడే ఆమె కళ్ళలోకి చూశాడు.

"మర్చిపోలేదమ్మా. ఆరేళ్ళు నిండితే పనికిరాదు. పుట్టిన పత్రాలన్నీ ఇప్పుడు వాళ్ళ దగ్గరే ఉన్నాయి, నెలనెలా సరిచూస్తారు. ఇంతకుముందైతే నేనే ఏదో ఒకటి రాసేవాణ్ణి. ఇప్పుడు వీల్లేదు."

ఎందుకు వీల్లేదో అతను చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు, అలా వీల్లేకుండా చేసింది కత్తెరమ్మే. ఆమె లెక్కేసుకుంది. ఆరేళ్ళ మీద నెలా పదకొండు రోజులు. బడిలో వెయ్యొచ్చు, కానీ బడి మధ్యాహ్నం రెండింటికి వదిలేస్తారు, ఆరున్నర దాకా పిల్ల ఎక్కడుంటుంది? సరే సార్ అని జాబితా మడిచి బయటికొచ్చింది. ఆ ఆదివారం అక్కకి ఫోన్ చెయ్యలేదు. ఇన్నేళ్ళలో చెయ్యని ఆదివారం అదొక్కటే.

సోమవారం గది తెరిచారు. ఈసారి బొమ్మల మీద కవర్లు లేవు. తల్లులు మిషన్ల మీదకి వెళ్ళే ముందు ఒక్కొక్కరే పిల్లల్ని దింపి వెళ్ళారు. కొంతమంది వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ వచ్చి తలుపులోంచి తొంగిచూశారు. కాలర్ల వదిన మనవడిని చంకనేసుకుని వచ్చింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ మీది ఏనుగుని చూస్తూ, వీడికి పాలు వేడిగా ఉంటే తాగడు అని చెప్పి, పిల్లాణ్ణి అందిస్తూ కత్తెరమ్మ చెయ్యి ఒక్క క్షణం గట్టిగా పట్టుకుంది. నీ పిల్లేదని అడగలేదు. ఫ్యాక్టరీ అంతటికీ అప్పటికే తెలుసు.

పదకొండు మంది పిల్లలు. కత్తెరమ్మ ఒక్కరికీ లోటు చెయ్యలేదు. పాలు చల్లార్చింది, దెబ్బలాటలు తీర్చింది, తడిసిన బట్టలు మార్చింది. వాళ్ళ మీద కోపం వస్తుందేమోనని పొద్దుటినుంచీ భయపడింది, రాలేదు. ముద్దే వచ్చారు. అది మరీ బాధగా ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి పిల్లల్ని పడుకోబెడుతుంటే ఫోన్ మోగింది. ఆయా దగ్గర ఫోన్ ఉండాలని కొత్త రూలు. అక్క నంబరు. నిన్న ఎందుకు చెయ్యలేదని తిడుతుందనుకుంది. అక్క కాదు, పిట్ట. పెద్దమ్మ చేతిలోంచి లాక్కున్నట్టుంది, రొప్పుతోంది. ముందు పన్ను ఊడిపోయిందట, రక్తం వచ్చిందట, తను అస్సలు ఏడవలేదట, పెద్దమ్మని అడుగు కావాలంటే. మాటల్లో ఎక్కడికక్కడ గాలి పోతోంది. కత్తెరమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నది. ఆ సందు ఎలా ఉందో చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"అమ్మా, గది తెరిచారా?"

అవునంటే, రావద్దని కూడా చెప్పాలి. నీకు ఆరేళ్ళు వచ్చేశాయి, అందుకే వద్దు అని చెప్పాలి. పన్ను ఊడిందని సంబరంగా చెప్పిన పిల్లకి, నువ్వు పెద్దదానివైపోయావు అని అదే నోటితో చెప్పాలి. ఆరు వందల మంది బతుకులు పందెం పెట్టి, దేశంకాని దేశం మనిషి ముందు నిజం చెప్పిన కత్తెరమ్మకి, కూతురి ముందు నోరు పెగల్లేదు.

"ఇంకా లేదమ్మా," అంది.

ఇంతలో ఇటు పరుపు మీద కాలర్ల వదిన మనవడు ఉలిక్కిపడి లేచి, కొత్త చోటు చూసి బెదిరి, అమ్మా అని గొల్లుమన్నాడు. కత్తెరమ్మ గబుక్కున వాణ్ణి ఎత్తుకుని భుజానికి హత్తుకుంది. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు.

"మరి అక్కడ ఏడుస్తోంది ఎవరమ్మా?" అని అడిగింది పిట్ట.